జ్వరంతో ఉన్న పిల్లలు కాలు కింద పెట్టనంటే.. ఎముక, కీళ్ల ఇన్‌ఫెక్షన్‌ను ఎలా గుర్తించాలి? ఎక్కడికి తీసుకెళ్లాలి?

నిన్న సాయంత్రం దాకా వీధిలో పరుగులు తీసిన నాలుగేళ్ల పిల్లాడు పొద్దున లేచి మంచం దిగనంటాడు. ఒళ్లు కాలిపోతుంటుంది. కాలు ముట్టుకుంటే ఏడుపు. ఇలాంటప్పుడు ఇంట్లో ముందుగా వినిపించే మాట ‘ఎక్కడో పడి ఉంటాడులే’. నూనె రాసి కాలు తోముతారు, జ్వరానికి సిరప్ పోస్తారు, రెండు రోజులు చూద్దాం అనుకుంటారు.

చాలాసార్లు అలా ఆగినా ఏమీ కాదు. కానీ జ్వరంతోపాటు పిల్లలు కాలో చెయ్యో కదపనివ్వకపోతే, అది ఎముకలో గానీ కీలులో గానీ చీము పడుతున్న గుర్తు కావచ్చు. అప్పుడు ఆ రెండు రోజుల ఆలస్యమే జీవితాంతం కుంటికి కారణం అవుతుంది. సమయానికి తీసుకెళ్తే మాత్రం ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. ఏ లక్షణాలు చూడాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ ఏం చేస్తారు, ఖర్చు సంగతేమిటి అన్నది ఈ కథనంలో చూద్దాం.

ముఖ్యాంశాలు

- జ్వరం ఉండి, కాలు లేదా చెయ్యి కదపకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.
- మొదటి వారం, పది రోజుల్లో ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఇన్‌ఫెక్షన్ లేదని అర్థం కాదు.
- మర్దన, లాగడం, బిగుతు కట్లు వద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయవద్దు.
- జ్వరం తగ్గగానే మందు ఆపకూడదు. డాక్టర్ చెప్పిన చివరి రోజు దాకా వాడాలి.

ఏమిటీ ఇన్‌ఫెక్షన్?

ఎముకలో బ్యాక్టీరియా చేరి వాపు, చీము ఏర్పడితే ఆస్టియోమైలైటిస్ అంటారు. మోకాలు, తుంటి, భుజం వంటి కీలులోకి బ్యాక్టీరియా చేరితే అది సెప్టిక్ ఆర్థ్రైటిస్. పిల్లల్లో ఈ రెండూ కలిసి కూడా వస్తాయి. ఎముకలో ఎక్కువగా తొడ ఎముకకు, మోకాలి కింది పెద్ద ఎముకకు, భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకకు సోకుతుంది. కీళ్లలో తుంటి, మోకాలు ముందుంటాయి. ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

పెద్దవాళ్లకు వచ్చే కీళ్లవాతానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బూ కాదు.

దెబ్బ తగలకుండా ఎముకలోకి చీము ఎలా వస్తుంది?

తల్లిదండ్రులకు అర్థం కానిది ఇదే. పిల్లల్లో ఎక్కువ కేసుల్లో బ్యాక్టీరియా రక్తం ద్వారానే ఎముకకు చేరుతుంది. చర్మం మీద సెగ్గడ్డ, గీరుకుపోయిన పుండు, గొంతు ఇన్‌ఫెక్షన్ వంటి వాటి నుంచి కొన్ని క్రిములు రక్తంలోకి వెళ్లవచ్చు. ఒక్కోసారి అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియనే తెలియదు.

పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో, పెరుగుదల జరిగే పలక పక్కన, సన్నటి రక్తనాళాలు మెలికలు తిరిగి ఉంటాయి. అక్కడ రక్తం నెమ్మదిగా పారుతుంది. క్రిములు అక్కడ ఆగి పెరగడానికి వీలు దొరుకుతుంది. చిన్న దెబ్బ తగిలిన చోట ఇది మరింత సులువు. అందుకే ‘మొన్న పడ్డాడు’ అన్న మాట నిజమే అయినా, అసలు కారణం ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

చాలా కేసుల్లో కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఇందులో మామూలు మందులకు లొంగని రకాన్ని ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు. నెలల పిల్లల్లో, ముఖ్యంగా నవజాత శిశువుల ఐసీయూలో ఉండి వచ్చిన వారిలో క్లెబ్సియెల్లా వంటి ఇతర క్రిములు కూడా కారణమవుతాయి.

ఎందుకంత తొందర?

కీలు లోపల ఎముకల చివర్లను నునుపైన మృదులాస్థి కప్పి ఉంటుంది. కీలులో చీము చేరితే క్రిములు, వాటితో పోరాడే తెల్ల రక్తకణాలు విడుదల చేసే ఎంజైములు ఆ మృదులాస్థిని తినేస్తాయి. ఈ నష్టం వారాల్లో కాదు, గంటలు, రోజుల్లోనే మొదలవుతుంది. పోయిన మృదులాస్థి మళ్లీ మునుపటిలా రాదు.

తుంటి విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. తొడ ఎముక తలకు రక్తం తీసుకెళ్లే నాళాలు కీలు పొరలోంచే వెళ్తాయి. లోపల చీము ఒత్తిడి పెరిగితే రక్తం అందక ఆ ఎముక తల చచ్చిపోవచ్చు. పెరుగుదల పలక దెబ్బతింటే ఒక కాలు పొట్టిగా మిగిలిపోతుంది లేదా వంకర తిరుగుతుంది. ఎముకలో చీము నెలల తరబడి ఉండిపోతే కొంత ఎముక చచ్చి, చర్మానికి రంధ్రం పడి చీము కారుతూనే ఉంటుంది. దీన్ని నయం చేయడానికి పలుమార్లు ఆపరేషన్లు అవసరమవుతాయి. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకితే ప్రాణానికే ముప్పు.

ఏ లక్షణాలు చూడాలి?

*నడిచే వయసు పిల్లల్లో:* జ్వరం, కుంటడం లేదా అసలు కాలు కింద పెట్టకపోవడం, ఒకే చోట నొప్పి, ఆ చోట వాపు, వేడి, ఎరుపు. తుంటి లోతుగా ఉంటుంది కాబట్టి వాపు బయటికి కనిపించదు. పిల్లలు కాలును కొంచెం మడిచి, పక్కకు పెట్టుకుని పడుకుంటారు. చాపితే అరుస్తారు. తుంటిలో ఇబ్బంది ఉన్నా కొందరు మోకాలు నొప్పి అనే చెబుతారు.

*నెలల పిల్లల్లో:* వీరిలో జ్వరం రాకపోవచ్చు. పాలు సరిగా తాగరు, చిరాకుగా ఏడుస్తారు. ఒక చెయ్యి లేదా కాలు పడిపోయినట్టు కదలకుండా ఉంటుంది. డైపర్ మార్చేటప్పుడు, స్నానం పోసి కాళ్లూ చేతులూ సాగదీసేటప్పుడు ఒక్కసారిగా కెవ్వుమంటారు. దీన్ని చూసి ‘చెయ్యి బెణికింది’ అనో ‘దిష్టి తగిలింది’ అనో ఊరుకుంటే రోజులు గడిచిపోతాయి. నెలలు నిండకుండా పుట్టి ఎస్‌ఎన్‌సీయూలో ఉండి వచ్చిన పాపాయిల్లో ఈ లక్షణాన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు. నవజాత శిశువులను చూడటానికి ఆశా కార్యకర్తలు 42 రోజుల వరకు పలుమార్లు ఇంటికి వస్తారు. బిడ్డ రెండు చేతులూ, రెండు కాళ్లూ సమానంగా ఆడిస్తోందా లేదా అన్నది ఆమెకు చూపించండి. ఆమె వచ్చే రోజు కోసం మాత్రం ఆగవద్దు.

*వెన్నెముకలో:* చిన్నపిల్లలు కూర్చోనంటారు, వంగనంటారు, నడవనంటారు. నొప్పి ఎక్కడో చెప్పలేరు.

మామూలు కాళ్ల నొప్పికీ దీనికీ తేడా ఏమిటి?

చాలామంది పిల్లలు రాత్రిపూట కాళ్లు లాగుతున్నాయని ఏడుస్తారు. వీటిని పెరుగుదల నొప్పులంటారు. ఇవి సాధారణంగా రెండు కాళ్లలో వస్తాయి, జ్వరం ఉండదు, తెల్లారేసరికి పిల్లలు మామూలుగా ఆడుకుంటారు.

జలుబు, దగ్గు తగ్గాక కొందరిలో తుంటిలో తాత్కాలికంగా నీరు చేరి కుంటుతారు. దీన్ని ట్రాన్సియంట్ సైనోవైటిస్ అంటారు. విశ్రాంతితో తగ్గిపోతుంది. అయితే ఇది, తుంటిలో చీము ఒకేలా కనిపిస్తాయి. రెండింటినీ విడదీయడానికి అమెరికాలోని బోస్టన్‌లో మినిందర్ కోచర్ బృందం 1999లో నాలుగు గుర్తులు చెప్పింది. 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, కాలు మీద బరువు వేయలేకపోవడం, ఈఎస్‌ఆర్ 40 లేదా అంతకు మించి ఉండటం, తెల్ల రక్తకణాలు 12,000 దాటడం. వీటిలో ఎన్ని ఎక్కువ ఉంటే చీము అయ్యే అవకాశం అంత ఎక్కువ. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఈ లెక్క ప్రతిచోటా అంత కచ్చితంగా సరిపోలేదు. అందుకే డాక్టర్లు దీన్ని సాయంగా వాడతారు, దీని మీదే పూర్తిగా ఆధారపడరు. తల్లిదండ్రులు మాత్రం మొదటి రెండు గుర్తులనూ ఇంట్లోనే చూడగలరు.

ఇంట్లో ఏం చేయకూడదు?

నొప్పి ఉన్న చోట మర్దన చేయడం, కీలు లాగి ‘సర్దడం’, పసరు వేసి బిగుతుగా కట్టు కట్టించడం వద్దు. కట్టు వాపును దాచేస్తుంది, అసలు చికిత్సను ఆలస్యం చేస్తుంది. సెగ్గడ్డ అనుకుని సూదితో గుచ్చవద్దు.

యాంటీబయాటిక్ సిరప్ సొంతంగా మొదలుపెట్టవద్దు. అరకొర మోతాదు మందు జ్వరాన్ని కొంత తగ్గించి జబ్బును దాచిపెడుతుంది. తర్వాత రక్తం, చీము పరీక్షలు చేసినా ఏ క్రిమి ఉందో తేలకపోవచ్చు. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. ఎప్పుడు, ఎంత ఇచ్చారో రాసుకోండి. మందు వేశాక జ్వరం దిగినా, పిల్లాడు కాలు కింద పెట్టకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

దగ్గర్లోని పీహెచ్‌సీ, పట్టణ ఆరోగ్య కేంద్రం, తెలంగాణలో బస్తీ దవాఖానాలో డాక్టర్ చూసి అనుమానం ఉందో లేదో చెప్పగలరు. కానీ చికిత్స అక్కడ పూర్తి కాదు. పిల్లల డాక్టర్, ఎముకల డాక్టర్, మత్తు డాక్టర్, ల్యాబ్ అన్నీ ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. అంటే జిల్లా ఆసుపత్రి లేదా ప్రభుత్వ బోధనాసుపత్రి. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, వరంగల్‌లో ఎంజీఎం, విశాఖపట్నంలో కేజీహెచ్, కాకినాడ, గుంటూరు, కర్నూలు జీజీహెచ్‌లు ఇలాంటివి.

పిల్లలు మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, చేతులూ కాళ్లూ చల్లబడ్డా 108కి ఫోన్ చేయండి. ఈ అంబులెన్స్ ఉచితం. పీహెచ్‌సీ నుంచి పంపేటప్పుడు రిఫరల్ చీటీ మీద జ్వరం ఎన్ని రోజుల నుంచి, ఏ మందులు ఇచ్చారు అన్నది రాయించుకోండి.

ఏ పరీక్షలు చేస్తారు?

*రక్త పరీక్షలు:* కణాల లెక్క, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్. సీఆర్‌పీ ఇన్‌ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, మందు పనిచేస్తే త్వరగా తగ్గుతుంది. అందుకే చికిత్స పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి దీన్ని మళ్లీమళ్లీ చేస్తారు. ‘ఎన్నిసార్లు రక్తం తీస్తారు’ అని విసుక్కోవద్దు. ఈఎస్‌ఆర్ తగ్గడానికి వారాలు పడుతుంది.

*బ్లడ్ కల్చర్:* ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకు లొంగుతుంది అన్నది చెప్పేది ఇదే. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు రక్తం తీస్తేనే ఎక్కువ ప్రయోజనం. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. పిల్లల పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం మందు కోసం ఆగరు.

*ఎక్స్‌రే:* విరిగిందా లేదా చూడటానికి, ఇతర జబ్బులు లేవని తేల్చడానికి తీస్తారు. ఎముకలో మార్పు కనిపించడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ‘ఎక్స్‌రే బాగుంది, ఏమీ లేదు’ అని మూడో రోజునే ఇంటికి వచ్చేయడం ప్రమాదం. జ్వరం, నొప్పి అలాగే ఉంటే మళ్లీ వెళ్లాలి.

*అల్ట్రాసౌండ్:* తుంటిలో నీరు చేరిందా అన్నది నిమిషాల్లో చెబుతుంది. అది చీమా, మామూలు నీరా అన్నది మాత్రం చెప్పలేదు.

*కీలు నుంచి నీరు తీయడం:* సూదితో కొంచెం నీరు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు, కల్చర్‌కు పంపుతారు. సెప్టిక్ ఆర్థ్రైటిస్‌ను తేల్చే అసలు పరీక్ష ఇదే. ‘కీలులో సూదా?’ అని భయపడి వద్దనే తల్లిదండ్రులు ఉంటారు. ఈ పరీక్ష ఆలస్యమైతే జరిగే నష్టమే ఎక్కువ.

*ఎమ్మారై:* ఎముకలో ఇన్‌ఫెక్షన్‌ను మొదటి రోజుల్లోనే పట్టగలిగే స్కాన్. చీము ఎక్కడ ఉందో, పక్క కీలుకు పాకిందో చూపిస్తుంది. చిన్నపిల్లలకు మత్తు ఇచ్చి తీయాల్సి రావచ్చు. తుంటిలో చీము ఉందని స్పష్టంగా తెలుస్తుంటే ఎమ్మారై కోసం ఆపరేషన్‌ను వాయిదా వేయరు.

చికిత్స ఎలా ఉంటుంది? ఎన్నాళ్లు?

*కీలులో చీము ఉంటే* దాన్ని బయటికి తీసి కడగాలి. మందు ఒక్కటే సరిపోదు. తుంటి అయితే ఎక్కువగా చిన్న కోత పెట్టి కడుగుతారు. ఇది అత్యవసర ఆపరేషన్. *ఎముకలో ఇన్‌ఫెక్షన్‌ను* తొలి రోజుల్లోనే పట్టుకుంటే చాలామందికి మందులతోనే తగ్గుతుంది. చీము గడ్డ కట్టినా, రెండు మూడు రోజుల్లో మందుకు లొంగకపోయినా ఆపరేషన్ చేస్తారు.

యాంటీబయాటిక్ ముందుగా రక్తనాళంలోకి ఇస్తారు. సెఫజోలిన్, క్లోక్సాసిలిన్, క్లిండామైసిన్ వంటివి వాడతారు. ఎంఆర్‌ఎస్‌ఏ అనుమానం ఉంటే వ్యాంకోమైసిన్ ఇస్తారు. కల్చర్ ఫలితం వచ్చాక మందు మార్చవచ్చు. అంటే మొదట ఇచ్చింది తప్పు మందు అని కాదు.

ఒకప్పుడు నాలుగు నుంచి ఆరు వారాలు ఇంజెక్షన్లే ఇచ్చేవారు. ఫిన్లాండ్‌లో హెయిక్కి పెల్టోలా బృందం 2009, 2010లో ప్రచురించిన అధ్యయనాలు ఈ పద్ధతిని మార్చాయి. మొదటి రెండు నుంచి నాలుగు రోజులు మాత్రమే ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత నోటి మందుకు మారినా పిల్లలు బాగా కోలుకున్నారు. ఎముక ఇన్‌ఫెక్షన్‌కు 20 రోజుల మందు 30 రోజుల మందుతో సమానంగా పనిచేసింది. ఇప్పుడు చిక్కులు లేని ఎముక ఇన్‌ఫెక్షన్‌కు మొత్తం మూడు నాలుగు వారాలు, కీళ్ల ఇన్‌ఫెక్షన్‌కు రెండు మూడు వారాలు ఇవ్వడం సాధారణం. అయితే నెలల పిల్లలకు, ఎంఆర్‌ఎస్‌ఏ ఉన్నవారికి, ఆలస్యంగా వచ్చినవారికి, తుంటికి సోకినవారికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. పక్క మంచం పిల్లాడిని పది రోజులకు పంపించారని మనమూ అడగడం సరికాదు.

ఖర్చు ఎలా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంచం, ఆపరేషన్, ఆసుపత్రిలో ఉన్న మందులు ఉచితం. ఏడాది లోపు శిశువులకు జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా ఉచితంగా అందాలి.

ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితి రూ.10 లక్షలు. అయితే ప్రతి ఆసుపత్రీ, ప్రతి చికిత్సా పథకంలో ఉండవు. చేరే ముందే రెండు విషయాలు అడగండి. ఈ ఆసుపత్రి పథకంలో ఉందా? ఎముకల విభాగం, పిల్లల విభాగం రెండూ అందులో ఉన్నాయా? నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఉండే ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర డెస్క్‌లో అనుమతి ప్రక్రియ చెబుతారు. రేషన్ కార్డు, తల్లిదండ్రుల, పిల్లల ఆధార్ వెంట ఉంచుకోండి. కాగితాలు దొరకలేదని మాత్రం బయలుదేరడం ఆపవద్దు. వాటిని తర్వాత తెప్పించుకోవచ్చు.

ఇంటికి వచ్చాక?

అసలు చిక్కు ఇక్కడే. వారం తిరిగేసరికి జ్వరం పోతుంది, పిల్లాడు నవ్వుతాడు. కూలి పనులు ఆగిపోయి ఉంటాయి, ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉంటుంది. ‘తగ్గిందిగా’ అని మందు మానేస్తారు. ఎముకలో మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి. ఈసారి మొదటి మందుకు అంత తేలిగ్గా లొంగకపోవచ్చు.

డిశ్చార్జి రోజునే మిగిలిన రోజులకు సరిపడా మందు ఆసుపత్రి ఫార్మసీలో అడిగి తీసుకోండి. లేకపోతే రాసిన మందు జన ఔషధి దుకాణంలో దొరుకుతుందేమో చూడండి. ఎన్ని ఎంఎల్, రోజుకు ఎన్నిసార్లు, ఏ తేదీ దాకా అన్నది చీటీ మీద తెలుగులో రాయించుకోండి. ఎముక ఇన్‌ఫెక్షన్‌లో నోటి మందు మోతాదు మామూలు కంటే ఎక్కువ ఉంటుంది. ఎక్కువగా ఉందని మీరే తగ్గించవద్దు. విరేచనాలు, దద్దుర్లు వస్తే మందు రాసిన డాక్టర్‌ను అడగండి.

రెండు వారాలకోసారి, తర్వాత నెలలకోసారి పిలిస్తే తప్పకుండా వెళ్లాలి. తుంటికి, పెరుగుదల పలకకు జరిగిన నష్టం ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. కాలు పొట్టిగా అనిపించినా, కుంటు మిగిలినా జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి వెళ్లవచ్చు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించినా వారు అక్కడికి పంపుతారు. బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉంటుంది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో అవయవ లోపాలను సరిచేసే ఆపరేషన్లు చేస్తారు.

టీబీ, సికిల్ సెల్ ఉంటే?

ఎముకలకు, కీళ్లకు టీబీ కూడా సోకుతుంది. ఇది నెమ్మదిగా వస్తుంది. వారాలు, నెలల తరబడి వాపు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పితో ఉలిక్కిపడి లేవడం కనిపిస్తాయి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఎముక టీబీకి దాదాపు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి వాడాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో నెలకు రూ.1,000 ఖాతాలో వేస్తారు.

సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ఎముక ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ. వీరిలో సాల్మొనెల్లా అనే క్రిమి కూడా కారణమవుతుంది, దానికి వేరే మందు కావాలి. సికిల్ సెల్ వల్ల సహజంగా వచ్చే ఎముకల నొప్పి, ఇన్‌ఫెక్షన్ ఒకేలా ఉంటాయి. ‘ఎప్పుడూ వచ్చే నొప్పే’ అనుకునే ప్రమాదం ఉంది. 2023 జులైలో కేంద్రం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల వారు పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కార్డు వెంట తీసుకెళ్లాలి.

రాకుండా ఆపగలమా?

పూర్తిగా ఆపలేం. కానీ కొంత తగ్గించవచ్చు. 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్ టీకా హిబ్ బ్యాక్టీరియా నుంచి కాపాడుతుంది. ఒకప్పుడు చిన్నపిల్లల కీళ్ల ఇన్‌ఫెక్షన్లకు ఇది పెద్ద కారణం. 6, 14 వారాల్లో, 9 నెలలకు వేసే పీసీవీ టీకా న్యుమోకాకస్ నుంచి రక్షిస్తుంది. రెండూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సెగ్గడ్డలు, పుండ్లు ఉంటే శుభ్రం చేసి, తగ్గకపోతే చూపించాలి.

క్యాజువాలిటీలో ఏం చెప్పాలి?

రద్దీలో ‘జ్వరం, కాలు నొప్పి’ అంటే మామూలు జ్వరం వరుసలో నిలబెట్టే అవకాశం ఉంది. ఈ ఐదు విషయాలు స్పష్టంగా చెప్పండి.

1. జ్వరం ఎప్పటి నుంచి, ఎంత వచ్చింది.
2. ఏ కాలు లేదా చెయ్యి, ఎప్పటి నుంచి కదపడం లేదు.
3. దెబ్బ, సెగ్గడ్డ, ఈ మధ్య ఆసుపత్రిలో ఉండటం వంటివి ఉన్నాయా.
4. ఏ మందులు, ముఖ్యంగా ఏ యాంటీబయాటిక్ వేశారు.
5. చివరిసారి ఎప్పుడు తిన్నాడు లేదా పాలు తాగాడు. మత్తు ఇవ్వాల్సి వస్తే ఇది అవసరం.

ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: ‘ఎముకలో గానీ కీలులో గానీ చీము లేదని తేలిందా అండీ?’ తేలకపోతే మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, చీటీ మీద రాయించుకోండి.